కల్తీ తిండి, నకిలీ మందు: చట్టం వేసే శిక్షలు – విద్యార్థులకు, తల్లిదండ్రులకు ఒక పాఠం



మన ట్రస్టు స్కాలర్‌షిప్ అందుకుంటున్న పిల్లలలో ఫార్మసీ, ఫుడ్ టెక్నాలజీ, మైక్రోబయాలజీ చదువుతున్నవారు చాలామంది ఉన్నారు. అలాగే మన కుటుంబాలలో ఎందరికో జీవనాధారం తిండికో మందుకో సంబంధించిన చిన్న వ్యాపారమే. సోలాపూరులో మెస్సు నడిపేవారున్నారు, బరంపురంలో ఊరగాయలు పెట్టి అమ్మేవారున్నారు, హోసూరులో నూనె వ్యాపారం, యానాంలో స్వీటు షాపు, మా బళ్లారిలో మెడికల్ షాపు నడిపేవారున్నారు. ఊరేదైనా, మన చేతి మీదుగా పోయే వస్తువు మరొకరి కడుపులోకి వెళ్తుంది. అందుచేత ఈ రెండు రంగాలలో తప్పు జరిగితే చట్టం ఏమంటుంది, ఎంత శిక్ష వేస్తుంది అన్నది మన ఇళ్లలో అందరికీ తెలిసి ఉండాలి.

నేను బళ్లారి కోర్టులో చాలా ఏళ్లుగా వకీలుగా పనిచేస్తున్నాను. ఇలాంటి కేసులలో వ్యాపారుల తరఫునా, నష్టపోయినవారి తరఫునా వాదించాను. చట్టం తెలియక చిక్కుల్లో పడినవారిని చూశాను, తెలిసి కూడా లెక్కచేయనివారినీ చూశాను. ఈ పాఠాన్ని వీలైనంత తేలిక మాటలలో రాస్తున్నాను. చివర కొన్ని ప్రశ్నలిచ్చాను. జవాబు చూడకుండా ముందు మీరే ప్రయత్నించండి.

1. రెండు ముఖ్యమైన చట్టాలు

తిండికి సంబంధించినది ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006. దీనికి ముందు 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం ఉండేది. కొత్త చట్టం పూర్తిగా అమలులోకి వచ్చింది 2011 ఆగస్టు 5న. దీని కింద పనిచేసే కేంద్ర సంస్థనే మనం ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. అంటున్నాం. ప్యాకెట్ల మీద కనిపించే 14 అంకెల నంబరు దీనిదే.

మందులకు సంబంధించినది ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం, 1940. స్వాతంత్ర్యానికి ముందే వచ్చినా, ఎన్నో సవరణలతో నేటికీ ఇదే ప్రధాన చట్టం.

రెండూ కేంద్ర చట్టాలే. కాబట్టి కర్ణాటక అయినా, తమిళనాడు అయినా, ఒడిశా, మహారాష్ట్ర అయినా శిక్షలు ఒకటే. యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం గనుక అక్కడి అధికారులు పుదుచ్చేరి ప్రభుత్వం కిందివారు. చట్టం మాత్రం ఇదే.

2. తిండి విషయంలో నాలుగు మాటలు

కల్తీ అనే ఒక్క మాటతో మనం అన్నిటినీ కలిపేస్తాం. చట్టం అలా కలపదు. శిక్ష తేడా అంతా ఇక్కడే ఉంది గనుక ఈ నాలుగు మాటలూ విడివిడిగా గుర్తుంచుకోవాలి.

మొదటిది, నాసిరకం ఆహారం. ప్రమాణం ప్రకారం ఉండవలసిన గుణం లేదు, కాని తింటే ప్రాణహాని లేదు. నీళ్లు కలిసి వెన్న శాతం తగ్గిన పాలు దీనికి ఉదాహరణ. 51వ సెక్షన్ ప్రకారం 5 లక్షల రూపాయల వరకు జరిమానా.

రెండవది, తప్పుడు లేబులు ఉన్న ఆహారం. తయారీ తేదీ లేకపోవడం, లేని గుణాన్ని ఉన్నట్టు రాయడం, వేరొకరి పేరు పెట్టుకోవడం వంటివి. 52వ సెక్షన్ ప్రకారం 3 లక్షల వరకు జరిమానా. మోసపుచ్చే ప్రకటన చేస్తే 53వ సెక్షన్ కింద 10 లక్షల వరకు.

మూడవది, పరాయి పదార్థం కలిసిన ఆహారం. ముడిసరుకు నుంచో, ప్యాకింగు నుంచో, యంత్రం నుంచో వచ్చి చేరినది, కాని హాని చేయనిది. 54వ సెక్షన్ ప్రకారం లక్ష వరకు జరిమానా. అపరిశుభ్రమైన చోట తయారు చేసినా 56వ సెక్షన్ కింద లక్ష వరకు జరిమానా పడుతుంది.

నాలుగవది, సురక్షితం కాని ఆహారం. తింటే ఆరోగ్యానికి హాని చేసేది. విషపదార్థం ఉండటం, అనుమతి లేని రంగు కలపడం, కుళ్లిపోవడం, పురుగు పట్టడం ఇందులోకి వస్తాయి. జైలు శిక్ష మాట ప్రధానంగా ఇక్కడే మొదలవుతుంది.

3. జరిమానా ఎక్కడ, జైలు ఎక్కడ?

మొదటి మూడు రకాల తప్పులకు కోర్టుకు వెళ్లనక్కరలేదు. అదనపు జిల్లా మేజిస్ట్రేటు హోదాకు తగ్గని అధికారి విచారించి జరిమానా వేస్తారు. ఎంత వేయాలనేది ఆయన ఇష్టం కాదు. తప్పు వల్ల వ్యాపారికి ఎంత లాభం వచ్చింది, ఇతరులకు ఎంత నష్టం జరిగింది, ఇది మొదటిసారా మళ్లీ మళ్లీ చేస్తున్నాడా, తెలిసి చేశాడా తెలియక చేశాడా అన్నవి చూడాలని 49వ సెక్షన్ చెబుతోంది.

సురక్షితం కాని ఆహారానికి 59వ సెక్షన్ వర్తిస్తుంది. దీనిని విచారించేది న్యాయస్థానం. ఇందులో నాలుగు మెట్లున్నాయి.

ఎవరికీ హాని జరగకపోతే: 3 నెలల వరకు జైలు, 3 లక్షల వరకు జరిమానా. ఇది 2023 నాటి జన విశ్వాస్ చట్టం సవరించిన తర్వాతి లెక్క. అంతకు ముందు 6 నెలలు, లక్ష రూపాయలు ఉండేది.

మామూలు హాని జరిగితే: ఏడాది వరకు జైలు, 3 లక్షల వరకు జరిమానా.

తీవ్రమైన హాని జరిగితే: 6 ఏళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా.

మరణం సంభవిస్తే: 7 ఏళ్లకు తగ్గకుండా, యావజ్జీవం వరకు జైలు, 10 లక్షలకు తగ్గని జరిమానా.

ఇక్కడ ఒక తేడా గమనించండి. మొదటి మూడు మెట్లలో 'వరకు' అని ఉంది. అంటే అది పై హద్దు. నాలుగవ మెట్టులో 'తగ్గకుండా' అని ఉంది. అంటే అది కింది హద్దు. చట్టం చదివేటప్పుడు ఈ రెండు మాటల దగ్గర ఆగి చదవడం అలవాటు చేసుకోండి.

శిక్ష వేరు, నష్టపరిహారం వేరు. 65వ సెక్షన్ ప్రకారం మరణించినవారి కుటుంబానికి 5 లక్షలకు తగ్గకుండా, తీవ్ర హానికి 3 లక్షల వరకు, ఇతర హానికి లక్ష వరకు పరిహారం ఇప్పించవచ్చు. ఒకసారి శిక్ష పడినవాడు అదే తప్పు మళ్లీ చేస్తే 64వ సెక్షన్ కింద శిక్ష రెట్టింపవుతుంది, లైసెన్సు రద్దవుతుంది.

పాత 1954 చట్టంలో చాలా తప్పులకు కనీసం 6 నెలల జైలు ఉండేది. చిన్న లోపానికీ పెద్ద నేరానికీ మధ్య దూరం తక్కువ. కొత్త చట్టం చిన్న లోపాలను డబ్బు జరిమానాకు మార్చి, ప్రాణహాని చేసేవాటికి శిక్ష పెంచింది. దీనిని కొందరు వ్యాపారులు 'ఇప్పుడు జైలు లేదంట' అని అర్థం చేసుకున్నారు. అది సరి కాదు.

4. రంగు చేసే హాని: మన రాష్ట్రాల ఉదాహరణ

జాతరలోనూ బీచిలోనూ పిల్లలు అడిగే గులాబీ రంగు పీచుమిఠాయి అందరికీ తెలుసు. 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరిలోనూ తమిళనాడులోనూ ఆ మిఠాయి నమూనాలలో రోడమిన్-బి అనే రంగు బయటపడింది. రెండు ప్రభుత్వాలూ దాని అమ్మకాన్ని నిషేధించాయి. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం కృత్రిమ రంగులు వేసిన పీచుమిఠాయినీ, గోబీ మంచూరియానూ నిషేధించింది.

రోడమిన్-బి బట్టలకు, కాగితాలకు వాడే రంగు. నేతపని, అద్దకం తెలిసిన మన కుటుంబాలకు రంగుల సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. బట్టకు పట్టిన రంగు ఉతికినా పోదు, చేతికి అంటితే రోజుల తరబడి వదలదు. అలాంటిదాన్ని చక్కెరలో కలిపి పసివాడి చేతికిస్తే అది నాసిరకం తిండి కాదు, సురక్షితం కాని తిండి. తిన్న పిల్లవాడికి ఆ రోజు ఏమీ కాకపోయినా 59వ సెక్షన్ మొదటి మెట్టు వర్తిస్తుంది. 'ఎవరికీ ఏమీ కాలేదు కదా' అనే మాట జైలును పూర్తిగా తప్పించదు.

5. మందుల చట్టంలో శిక్షలు

మందుల విషయంలో శిక్షలు ఇంకా కఠినం. ఇక్కడ కూడా మాటల తేడా తెలియాలి.

నకిలీ మందు అంటే వేరే కంపెనీ పేరుతో, లేదా లేని కంపెనీ పేరుతో, లేదా ఒక మందు స్థానంలో మరొకటి పెట్టి తయారు చేసినది. అసలు దానిలా కనిపించేలా చేసినదీ ఇందులోకే వస్తుంది.

కల్తీ మందు అంటే మురికి చోట తయారైనది, లేదా హానికరమైన విషపదార్థం చేరినది, లేదా బలం తగ్గేలా ఏదైనా కలిపినది.

నాణ్యత లేని మందు అంటే పేరు సరైనదే, కంపెనీ సరైనదే, కాని పరీక్షలో ప్రమాణానికి తక్కువగా తేలినది. ఉదాహరణకు మాత్ర సరిగా కరగకపోవడం.

దేశంలో మందుల నియంత్రణను పరిశీలించిన మషేల్కర్ కమిటీ 2003లో తన నివేదిక ఇచ్చింది. నకిలీ మందులతో మరణాలకు కారణమైనవారికి మరణశిక్ష ఉండాలని కూడా అందులో సూచన ఉంది. పార్లమెంటు అంత దూరం వెళ్లలేదు గాని 2008లో చట్టాన్ని సవరించి 27వ సెక్షన్‌లో శిక్షలను బాగా పెంచింది. అవి ఇలా ఉన్నాయి.

కల్తీ లేక నకిలీ మందు వల్ల మరణం గాని తీవ్ర హాని గాని జరిగే అవకాశం ఉంటే: 10 ఏళ్లకు తగ్గకుండా యావజ్జీవం వరకు జైలు. జరిమానా 10 లక్షలు లేదా పట్టుబడిన మందుల విలువకు మూడు రెట్లు, ఏది ఎక్కువైతే అది. ఈ జరిమానా సొమ్ము నష్టపోయినవారికి లేదా వారి కుటుంబానికి చేరాలని చట్టమే చెబుతోంది.

నకిలీ మందు, కాని అంత హాని చేసే రకం కాదు: 7 ఏళ్లకు తగ్గకుండా యావజ్జీవం వరకు జైలు, 3 లక్షలు లేదా విలువకు మూడు రెట్లు జరిమానా.

కల్తీ మందు, కాని అంత హాని చేసే రకం కాదు. లేదా లైసెన్సు లేకుండా మందుల తయారీ, అమ్మకం: 3 నుంచి 5 ఏళ్ల జైలు. లక్ష లేదా విలువకు మూడు రెట్లు జరిమానా.

నాణ్యత లేని మందు వంటి ఇతర ఉల్లంఘనలు: 1 నుంచి 2 ఏళ్ల జైలు, 20 వేలకు తగ్గని జరిమానా. ఈ చివరి తరగతి కేసులను రాజీకి వీలుగా 2023లో సవరించారు.

ఎవరికీ హాని జరగకపోయినా నకిలీ మందుకు కనీసం 7 ఏళ్లు ఎందుకని ఒక బి.ఫార్మసీ విద్యార్థిని నన్నడిగింది. జబ్బు మనిషి మందును నమ్మి వేరే ప్రయత్నం మానేస్తాడు. నకిలీ మాత్రలో విషం లేకపోవచ్చు, వట్టి సున్నపు పొడే కావచ్చు. కాని ఆ పది రోజులలో అతని జబ్బు ముదిరిపోతుంది. ఆ మరణాన్ని ఏ ల్యాబూ రుజువు చేయలేదు. అందుకే చట్టం హాని రుజువయ్యేదాకా ఆగకుండా ముందే గట్టిగా పట్టుకుంటుంది.

6. ఇంత కఠినం ఎందుకు? ఒక విషం కథ

1937లో అమెరికాలో ఒక కంపెనీ సల్ఫానిలమైడ్ అనే మందును తియ్యని ద్రవరూపంలో తయారు చేసింది. మందును కరిగించడానికి డైఇథిలీన్ గ్లైకాల్ వాడారు. అది విషం. మూత్రపిండాలను పాడు చేస్తుంది. వందకు పైగా మంది చనిపోయారు, అందులో పిల్లలు చాలామంది. అప్పటి చట్టంలో మందు సురక్షితమా అని ముందుగా పరీక్షించాలనే నియమమే లేదు. 'ఎలిక్సిర్' అని పేరు పెట్టి అందులో ఆల్కహాలు లేదు గనుక పేరు తప్పు అనే కారణంతో ఆ కంపెనీకి జరిమానా వేశారు. అంతమంది చావుకు శిక్ష ఒక లేబులు తప్పు కింద వెళ్లిపోయింది. మరుసటి ఏడాది, 1938లో, అమెరికా కొత్త చట్టం తెచ్చుకుంది.

అదే విషం మన దేశానికీ వచ్చింది. 1973లో మద్రాసులో 14 మంది పిల్లలు చనిపోయారు. 1986లో ముంబైలోని జె.జె. ఆసుపత్రిలో కలుషితమైన గ్లిజరిన్ ఇవ్వడం వల్ల 14 మంది రోగులు మరణించారు. దానిపై జస్టిస్ లెంటిన్ విచారణ సంఘం వేశారు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో దగ్గు సిరప్ తాగి 20 మందికి పైగా చిన్నపిల్లలు మూత్రపిండాలు చెడిపోయి చనిపోయారు. ఆ సిరప్ తయారైంది తమిళనాడులోని కాంచీపురం జిల్లాలో. తమిళనాడు ప్రభుత్వ పరీక్షలో అందులో 48.6 శాతం డైఇథిలీన్ గ్లైకాల్ ఉన్నట్టు తేలింది. అనుమతించిన హద్దు 0.1 శాతం. కంపెనీ లైసెన్సును రద్దు చేశారు, యజమానిని అరెస్టు చేశారు. నేరం రుజువు కావలసినది న్యాయస్థానంలోనే గనుక దాని మీద నేను అంతకు మించి రాయను.

ఈ విషం సిరప్‌లోకి ఎలా వస్తుంది? సిరప్‌కు ప్రొపిలీన్ గ్లైకాల్ గాని గ్లిజరిన్ గాని వాడతారు. మందులకు వాడే స్వచ్ఛమైన రకం ధర ఎక్కువ. పరిశ్రమలకు వాడే రకం చవక, కాని అందులో ఈ విషం కలిసి ఉండవచ్చు. రెండూ చిక్కగా, రంగు లేకుండా, ఒకేలా కనిపిస్తాయి. నాలుకకు తియ్యగా ఉంటుంది గనుక పిల్లవాడు ఉమ్మేయడు కూడా. తేడా తెలిసేది పరీక్షలోనే. డ్రమ్ము వచ్చిన ప్రతిసారీ ల్యాబులో ఆ పరీక్ష చేయవలసినవాడు ఒక కెమిస్టు. అంటే, రేపు మీలో ఒకరు. పరీక్ష చేయకుండా రిజిస్టరులో 'సరిగా ఉంది' అని రాసే సంతకం విలువ ఎంతో ఆ పిల్లల తల్లులను అడగాలి.

7. చిన్న వ్యాపారికి రక్ష ఏమిటి?

ఇప్పుడు తల్లిదండ్రులకు. మీరు తయారు చేయరు, కొని అమ్ముతారు. పైనుంచి వచ్చిన సరుకులోనే లోపం ఉంటే మీ గతి ఏమిటి?

మందుల చట్టం 19వ సెక్షన్‌లో అమ్మేవారికి ఒక రక్షణ ఉంది. దానికి మూడు షరతులు. లైసెన్సు ఉన్న తయారీదారు లేదా డీలరు దగ్గర కొని ఉండాలి. లోపం ఉందని మీకు తెలియకపోవడమే కాక, తగిన జాగ్రత్త తీసుకున్నా తెలిసే వీలు లేకుండా ఉండాలి. కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే సరిగా నిల్వ చేసి ఉండాలి. మొదటి షరతు రుజువు కావాలంటే బిల్లు కావాలి. బ్యాచి నంబరు రాసిన బిల్లు. చవకగా వస్తుందని చీటీ మీద కొన్న మందుకు ఈ రక్షణ లేదు.

ఆహార చట్టం 80వ సెక్షన్ కూడా తగిన శ్రద్ధ అంతా తీసుకున్నానని రుజువు చేసుకునే అవకాశం ఇస్తుంది. అయితే 'మంచిదనే నమ్మి అమ్మాను' అని ఊరికే అంటే చాలదని అదే సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. ఇక 27వ సెక్షన్ ప్రకారం గడువు దాటిన సరుకు అమ్మినా, ఎవరి దగ్గర కొన్నారో చూపలేకపోయినా బాధ్యత అమ్మినవారిదే. కిరాణా కొట్టు కైనా ఊరగాయ వ్యాపారానికైనా బిల్లుల ఫైలు ఒకటి ఉండి తీరాలి.

శాంపిల్ తీసేటప్పుడు కంగారు పడకండి, గొడవ పడకండి. ఆహార శాంపిల్‌ను నాలుగు భాగాలు చేస్తారు. ఒకటి ఫుడ్ అనలిస్టుకు, రెండు అధికారి దగ్గరకు వెళ్తాయి. నాలుగవ భాగాన్ని గుర్తింపు ఉన్న మరో ల్యాబుకు పంపమని కోరే హక్కు మీకుంది. అనలిస్టు నివేదిక మీకు వ్యతిరేకంగా వస్తే, అది అందిన 30 రోజులలో అప్పీలు చేసుకోవాలి. మందుల విషయంలో గవర్నమెంటు అనలిస్టు నివేదికను కాదనాలంటే 28 రోజులలో లిఖితపూర్వకంగా తెలపాలి. ఈ గడువు దాటిపోయాక వకీలు దగ్గరకు వచ్చేవారే ఎక్కువ. నోటీసు వచ్చిన కవరు మీద తేదీ రాసి పెట్టుకోండి.

8. సర్టిఫికెట్ అద్దెకివ్వడం

ఇది ముఖ్యంగా డి.ఫార్మసీ, బి.ఫార్మసీ విద్యార్థులకు. మెడికల్ షాపు లైసెన్సుకు రిజిస్టర్డ్ ఫార్మసిస్టు పేరు కావాలి. చదువుకున్న పిల్లవాడి సర్టిఫికెట్ తీసుకుని, నెలకు కొంత ఇచ్చి, అతను లేకుండానే షాపు నడిపే అలవాటు చాలా ఊళ్లలో ఉంది.

కొన్నేళ్ల క్రితం నేతపని చేసుకునే ఒక తండ్రి కొడుకుతో నా దగ్గరకు వచ్చాడు. కొడుకు సర్టిఫికెట్ ఒక షాపులో ఉంది. నెలకు మూడు వేలు వస్తోంది. ఆ డబ్బుతోనే కూతురి కాలేజీ ఫీజు గడుస్తోంది. షాపు మీద డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చి మాత్రలు శాంపిల్ తీసుకుపోయాడని విని భయపడి వచ్చారు.

"సారూ, మావాడు ఆ అంగట్లో ఒక్క దినం కూడా కూర్చోలేదు. మందులు అమ్మింది వాళ్లు. మావానికేం సంబంధం?" అన్నాడు తండ్రి.

"అన్నా, కూర్చోలేదు గనుకనే సంబంధం. వీని కండ్ల ముందర మందు ఇయ్యాలని లైసెన్సు ఇచ్చినారు. ఆ కాగితంలో ఎవరి పేరుందో చూసినావా?" అన్నాను.

చట్టం సంగతి ఇది. మందు రిజిస్టర్డ్ ఫార్మసిస్టు స్వయంగా చూస్తుండగానే ఇవ్వాలి. ఫార్మసీ చట్టం, 1948లోని 42వ సెక్షన్ ప్రకారం అర్హత లేనివారు డాక్టరు చీటీ మీద మందు ఇవ్వడం నేరం. షాపులో నకిలీ మందు పట్టుబడితే, 34వ సెక్షన్ కింద ఆ సంస్థ నడపడానికి బాధ్యులైనవారందరినీ నిందితులుగా చేర్చవచ్చు. కాగితాలలో బాధ్యుడిగా పేరున్నవాడు 'నేను అక్కడ లేను' అంటే, అది తప్పించుకునే మాట కాదు, తప్పు ఒప్పుకునే మాట. పైగా ఫార్మసీ కౌన్సిలు రిజిస్టరు నుంచి పేరు తొలగిస్తే మూడు నాలుగేళ్ల చదువు వృథా.

ఆ అబ్బాయి చేత లైసెన్సింగ్ అధికారికి, షాపు యజమానికి వెంటనే ఉత్తరాలు రాయించి, సర్టిఫికెట్ వెనక్కు తెప్పించాను. అందిన రసీదులు భద్రపరచమన్నాను. ఆ శాంపిల్ పరీక్షలో సరిగానే తేలింది, కేసు రాలేదు. కాని నెలకు వచ్చే మూడు వేలు ఆగిపోయాయి. తండ్రి చాలా రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. ఆయన కోపం నాకు అర్థమైంది. కూతురి ఫీజు కట్టవలసిన నెలలో చట్టం మాట ఎవరికీ రుచించదు. ఇలాంటి ఇబ్బందిలో ఉన్న తల్లిదండ్రులు సర్టిఫికెట్ అద్దెకిచ్చే ముందు ట్రస్టు కార్యవర్గాన్ని అడగండి. స్కాలర్‌షిప్ ఉన్నది అందుకే.

9. కేసు ఎవరు పెట్టగలరు?

ఆహారం కొన్నవారెవరైనా, పరీక్ష చేయిస్తానని అమ్మినవారికి చెప్పి, ఫీజు కట్టి ఫుడ్ అనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. లోపం తేలితే ఫీజు తిరిగి వస్తుంది. మందు కొన్నవారు కూడా ఫీజు కట్టి గవర్నమెంటు అనలిస్టు చేత పరీక్ష చేయించవచ్చు. సలహాకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

మందుల కేసును ఇన్‌స్పెక్టరు, ప్రభుత్వం అధికారమిచ్చిన గెజిటెడ్ అధికారి, నష్టపోయిన వ్యక్తి, గుర్తింపు పొందిన వినియోగదారుల సంఘం కోర్టులో వేయవచ్చు. పోలీసులు ఈ చట్టం కింద నేరుగా ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేసి కేసు నడపలేరని 2020లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

పాత ఐ.పి.సి.లో తిండి కల్తీకి 272, 273 సెక్షన్లు ఉండేవి. 59వ సెక్షన్ వర్తించే చోట వాటి కింద వేరే కేసు నడపకూడదని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. 2024 జూలై 1 నుంచి ఐ.పి.సి. స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో తిండి కల్తీ 274, 275 సెక్షన్లలో, మందుల కల్తీ 276 నుంచి 278 వరకు ఉన్నాయి. పోటీ పరీక్షలకు చదివేవారు పాత నంబర్లు, కొత్త నంబర్లు కలిపి రాసుకోండి.

10. ఈ రంగంలో ఉద్యోగాలు

ఫుడ్ సేఫ్టీ ఆఫీసరు కావాలంటే ఫుడ్ టెక్నాలజీ, డెయిరీ టెక్నాలజీ, బయోటెక్నాలజీ, ఆయిల్ టెక్నాలజీ, వ్యవసాయం, పశువైద్యం, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీలలో డిగ్రీ, లేదా కెమిస్ట్రీలో పి.జి., లేదా వైద్యంలో డిగ్రీ అర్హత. డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు ముఖ్యమైన అర్హత ఫార్మసీ డిగ్రీ. రాష్ట్ర ప్రభుత్వ నియామకాలలో ఆ రాష్ట్ర భాష కూడా అడుగుతారు గనుక మన పిల్లలు ఇంట్లో తెలుగుతో పాటు కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో చదవడం రాయడం బాగా నేర్చుకోవాలి. ఇది వారికి భారం కాదు, బలం.

11. అభ్యాసం

ప్రశ్న 1: పాలవాడు నీళ్లు కలిపాడు. ఎవరికీ హాని లేదు. శిక్ష ఏమిటి?
జవాబు: నాసిరకం ఆహారం. 51వ సెక్షన్ కింద 5 లక్షల వరకు జరిమానా. జైలు లేదు.

ప్రశ్న 2: ఆ నీళ్లకు బదులు హానికరమైన రసాయనం కలిపాడు, తాగినవారు ఒకరు చనిపోయారు. అప్పుడు?
జవాబు: సురక్షితం కాని ఆహారం. 7 ఏళ్లకు తగ్గకుండా యావజ్జీవం వరకు జైలు, 10 లక్షలకు తగ్గని జరిమానా. పరిహారం దీనికి అదనం.

ప్రశ్న 3: మెడికల్ షాపువారు బిల్లు లేకుండా చవకగా కొన్న మాత్రలు నకిలీవని తేలింది. నాకు తెలియదంటున్నారు. 19వ సెక్షన్ రక్షణ దొరుకుతుందా?
జవాబు: దొరకదు. లైసెన్సు ఉన్నవారి దగ్గర కొన్నట్టు రుజువు లేదు. ఎవరికీ హాని జరగకపోయినా 7 ఏళ్లకు తగ్గని జైలు పడే నేరం.

ప్రశ్న 4: తిండి నివేదికపై అప్పీలుకు ఎన్ని రోజులు? మందు నివేదికను కాదనడానికి ఎన్ని రోజులు?
జవాబు: 30 రోజులు, 28 రోజులు.

ప్రశ్న 5: ఈ ప్రశ్నకు జవాబు ఇవ్వడం లేదు. మీ ఇంట్లో ఉన్న ఒక దగ్గు మందు సీసా, ఒక కారం ప్యాకెట్టు తీసుకోండి. తయారీదారు పేరు, బ్యాచి నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ, లైసెన్సు నంబరు ఉన్నాయా చూసి రాయండి. లేనిది ఏదైనా ఉంటే అది ఏ సెక్షన్ కిందికి వస్తుందో పై పాఠం చూసి మీరే తేల్చండి. చిన్న తరగతుల పిల్లలు అమ్మానాన్నల సాయంతో చేయవచ్చు.

చట్టాలకు సవరణలు వస్తూ ఉంటాయి గనుక పరీక్షకు గాని కేసుకు గాని వెళ్లే ముందు తాజా ప్రతి చూసుకోవలసిందిగా మనవి. అందరూ బాగా చదవండి.